సముద్రం ఒడ్డున సరోజక్క

మా చెల్లెలి కూతురు సునీత కువైట్‌లో నర్సు. "పెద్దమ్మా, ఒక్కసారి వచ్చి పో" అని ఫోను చేసిన ప్రతిసారీ పిలిచేది. నేను తిరుపతిలో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. కథలు రాస్తానని కొద్దిమందికి తెలుసు. బడి ఉన్నన్నాళ్ళూ బడి సాకు చెప్పాను, అది పోయాక మోకాళ్ళ సాకు చెప్పాను. చివరికి ఎండలు ముదరకముందే రమ్మని టికెట్టు కూడా ఆ పిల్లే తీసి పంపింది. ఇరవై రోజులు ఉండి వచ్చాను. వచ్చాక కనపడినవాళ్ళంతా ఏమేం చూశావని అడిగారు. నీలం గోళాల బురుజులు చూశాను, ఖర్జూరాల అంగళ్ళు చూశాను, సముద్రం చూశాను అని చెప్పాను. అసలు చూసినదాన్ని మాత్రం ఎవరికీ చెప్పనని మాటిచ్చి వచ్చాను. ఆ మాట నిలబెట్టుకోలేదు. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

శుక్రవారం అక్కడ సెలవు. ఇడ్లీలు తిని, సునీత భర్త ప్రసాద్ కారులో ముగ్గురం ఊరు చూడటానికి బయల్దేరాం. ముందు బురుజుల దగ్గరికి తీసుకెళ్ళారు. మూడు పెద్ద శూలాలను సముద్రం పక్కన నిలబెట్టి, రెండింటికి గోళాలు గుచ్చినట్టుంటాయి. లిఫ్టులో పైకి పోయాం. పైన మనం నిలబడే అంతస్తు తనే మెల్లగా తిరుగుతుంది. నేను కదలకుండా నిలబడ్డాను, సముద్రం పక్కకు జరిగిపోయి ఊరు వచ్చింది, ఊరు పోయి మళ్ళీ సముద్రం వచ్చింది. నాకు దిక్కు తెలియాలంటే కొండ కావాలి. నగరిలో పుట్టినవాళ్ళకు ఏ వీధిలో నిలబడ్డా మనిషి ముక్కులాంటి మా కొండ కొన కనపడాలి. తిరుపతికి వచ్చాక ఏడుకొండలు ఆ పని చేస్తున్నాయి. ఇక్కడ ఎంత చుట్టు తిరిగినా ఒక్క గుట్ట లేదు. ఇసుక, అద్దాల మేడలు, నీళ్ళు, అంతే. ఇంత ఊరికి తాగే నీళ్ళు ఎక్కడివని అడిగితే, "సముద్రం నీళ్ళే పెద్దమ్మా, ఉప్పు తీసేసి తాగతారు" అంది సునీత. నేను నోరు తెరిచాను. రెండు బిందెల మంచినీళ్ళ కోసం మా అమ్మ తెల్లవారకముందే వరసలో నిలబడిన వీధి నాది. వీళ్ళు సముద్రాన్నే తాగుతున్నారు.

అక్కడి నుంచి పాత బజారుకు వెళ్ళాం. బొగ్గుల మీద ఏదో మంచివాసన చెక్క కాల్చి పొగ వేస్తున్నారు. ఖర్జూరాలు తూచే మనిషి సునీత మాట విని, "మీది తిరపతి పక్కనా మా? మాది రాయచోటి" అన్నాడు. పొద్దున్నుంచి ఒక్కో వింతకూ ఆశ్చర్యపడి పడి అలిసిపోయాను. ఇంక ఆశ్చర్యపడటానికి ఏమీ మిగల్లేదనుకుంటూ, ఎండ తగ్గాక సముద్రం ఒడ్డుకు వెళ్ళాం.

అక్కడ ఇసుక మీద పచ్చగడ్డి పెంచారు. గడ్డి మీద చాపలు పరుచుకుని కుటుంబాలు కూర్చున్నాయి. ప్రతి కుటుంబానికీ కాస్త ఎడంగా ఒకరో ఇద్దరో ఆడవాళ్ళు. పిల్లల చెప్పులు తొడుగుతూ, ఫ్లాస్కులు మోస్తూ, తల వంచుకుని. "వాళ్ళు ఖద్దామాలు పెద్దమ్మా. ఇంటిపనికి పెట్టుకుంటారు. మన కడప, రాయచోటి వాళ్ళు శానామంది ఉండారు" అని చెప్పింది సునీత. బురుజులను చూసినట్టే నేను వాళ్ళనూ చూశాను. ఊరు చూడటానికి వచ్చినదాన్ని కదా, అదీ ఒక చూడదగ్గ విషయంలాగే అనిపించింది.

అప్పుడు వినపడింది. చక్రాల కుర్చీలో ఒక పండు ముసలమ్మను కూర్చోబెట్టి ఒకామె తోసుకుని వస్తోంది. ఇద్దరు చిన్న ఆడపిల్లలు రాళ్ళ వైపు పరిగెత్తుతున్నారు. ఆమె వాళ్ళను అరబ్బీలో గట్టిగా కేకేసింది. పిల్లలు ఆగలేదు. అప్పుడు తనలో తాను అనుకున్నట్టు, "ఈ బిడ్డలు నా పానం తీసిందాకా ఇడిసిపెట్టరు కద సామీ" అంది.

ఆ 'సామీ' అనడం నాకు తెలుసు. మొదట్లో సాగదీసి, చివర్లో విసురుగా వదిలేసే ఆ మాట నగరిలో మా వీధిలో ఒక్క మనిషి నోట్లోనే అలా పలికేది. తల తిప్పి చూశాను. నల్లటి గుడ్డ నుదురు దాకా చుట్టుకుంది. పువ్వుల నైటీలాంటి పొడుగు గౌను, దాని మీద ఒక పాత స్వెట్టరు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. పై వరసలో ముందు పళ్ళు రెండు లేవు. అయినా ఆ గడ్డం, ఆ కుడి కనుబొమ్మ మీది గాటు.

"సరోజక్కా!" అని అరిచాను.

ఆమె నా వైపు తిరిగింది. పక్కనున్న దీపస్తంభం మీద నుంచి చూపు ఎలా జారిపోతుందో, నా మీద నుంచీ అలాగే జారిపోయింది. కుర్చీ తోసుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. "ఎవరో అనుకుని పిలిచినట్టుండావు పెద్దమ్మా" అంది సునీత. అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయాను.

సరోజక్క ఎవరో చెప్పాలంటే మా వీధి చెప్పాలి. మాది మగ్గాల వీధి. తెల్లవారుతుండగానే వీధి పొడుగునా పడుగు చాచి, కర్రలకు కట్టి, కుంచెతో గంజి పట్టించేవాళ్ళు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, ఏ ఇంట్లోనో రంగు కాస్తున్న వాసన, వీటన్నిటి మీదుగా రాగిసంగటి కెలుకుతున్న వాసన. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే నాకు పొద్దు అంటే అదే. మా నాయన గుంతలోకి దిగి మగ్గం ముందు కూర్చునే ముందు, నూలును దగ్గరికి కొట్టే పలకకట్టెను తాకి కళ్ళకద్దుకునేవాడు. మొదటి మూర నేసేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ మూర అయ్యాక ఒక దగ్గు దగ్గి, "ఏమే, నీళ్ళు" అనేవాడు. అమ్మ ఆ దగ్గు కోసమే చెంబు పట్టుకుని నిలబడి ఉండేది. వాళ్ళిద్దరి మధ్య పొద్దుటి మాట అదొక్కటే.

నాయన నేసేది చెంగల్రాయ సావుకారు నూలు. వీధిలో సగం మగ్గాలు ఆయనవే. వీధి మొదట్లో మిద్దె ఇల్లు ఆయనది. మొదట రేడియో వచ్చింది ఆ ఇంటికే, మామూలు రోజుల్లో ఇడ్లీలు వండుకునేదీ ఆ ఇంట్లోనే. కొడుకు ఉన్నా, ఆయనకు ఒక్కగానొక్క కూతురు సరోజ. నాకంటే ఐదేళ్ళు పెద్దది. ఎత్తుగా, పచ్చగా, నడుము దాటిన జడతో ఉండేది. జాతరలో అమ్మవారికి పట్టే గొడుగు లాగా ఆ పిల్ల ఎక్కడున్నా ముందు అదే కనపడేది. చిన్నప్పుడు రేడియో బల్ల తగిలి కనుబొమ్మ తెగితే చెంగల్రాయ సావుకారు మద్రాసుకు తీసుకుపోయి కుట్లు వేయించాడని మా వీధిలో ఏడాది పాటు చెప్పుకున్నారు.

బడి అయ్యాక నేను వాళ్ళ పెరటి వసారాలో రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టేదాన్ని. నాలాంటి ఆడపిల్లలు మరో నలుగురు. సరోజక్క ఉయ్యాలబల్ల మీద వాలి వారపత్రిక చదివేది. మద్రాసు రైల్లో వచ్చే పత్రికలు. తనకోసం చదువుకోవచ్చు కదా, అలా కాదు, మాకు వినపడేలా గొంతు మార్చి మార్చి చదివేది. అత్త గొంతు వేరు, కోడలి గొంతు వేరు, దొంగ సాధువు గొంతు వేరు. సరిగ్గా కథలో ఎవరో తలుపు తట్టిన చోట ఆపేసి, పత్రిక మూసి, "మిగతాది రేపు" అనేది. "అక్కా, అక్కా" అని మేం బతిమాలితే నవ్వేది. కథంటే ఏమిటో నేను ఆ వసారాలోనే నేర్చుకున్నాను. ఆ తర్వాత బడిలో, కాలేజీలో ఎవరు ఎంత చెప్పినా అది పైపూతే. నా చేతి కండెలు మాత్రం వంకరగా వచ్చేవి. వినడానికని మెల్లగా తిప్పేదాన్ని.

వీధిలో అందరూ నన్ను లలితా అనేవాళ్ళు, ఆమె ఒక్కతే అమ్మణ్ణీ అనేది. తన పాత పావడాలు, రవికెలు నాకే ఇచ్చేది. మా అమ్మ వాటిని కళ్ళకద్దుకుని తీసుకుని, పొట్టివి చేసి కుట్టేది. ఒకసారి వంకాయరంగు పట్టుపావడా ఇచ్చింది. అది వేసుకుని బడి పండగకు వెళ్ళాను. పాట పాడటానికి నిలబెట్టారు. పాట అయింది, అందరూ చప్పట్లు కొట్టారు. సరోజక్క తన స్నేహితులతో వచ్చి, వంగి, నా పావడా అంచు పైకెత్తి చూపించింది. "ఇది నాదే. ఈడ సూడండి, నేను చింపుకున్న జాగా, నల్లదారంతో కుట్టినారు." అందరూ నవ్వారు. ఆమె ఎగతాళికి అనలేదు. తన వస్తువు తను గుర్తుపట్టినందుకు సరదాపడింది, అంతే. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా ఒళ్ళంతా మంటలు మండాయి. ఆమె చెడిపోవాలని నేను ఏ దేవుడికీ మొక్కుకోలేదు, అంత పెద్ద కోరిక కోరే ధైర్యం లేదు. ఎప్పుడైనా ఒక్కసారి ఈమె తల దించుకుంటే నేను చూడాలి అనుకున్నాను. అనుకుని మర్చిపోయాననుకున్నాను.

తర్వాత ఆమెకు పుత్తూరులో బట్టల కొట్టు ఉన్న ఇంటికి పెళ్ళయింది. నేను చదువుకుని తిరుపతి చేరాను. మరమగ్గాలు వచ్చి చేతిమగ్గాలను ఒక్కొక్కటిగా పీకేశాయి. చెంగల్రాయ సావుకారు పోయాడు, కొన్నేళ్ళకు సరోజక్క భర్త పోయాడు. ఆమె నగరికి తమ్ముడి ఇంటికి వచ్చిందని విన్నాను. ఆ తర్వాత బెంగళూరులో చిన్నాయన కూతురు దగ్గర ఉంటోందనీ, ఆమెకు పక్షవాతమనీ, ఈమే చూసుకుంటోందనీ అన్నారు. రెండేళ్ళ కిందట తిరుపతిలో ఆమె కొడుకు బాలాజీ పెళ్ళికి నేను వెళ్ళాను. పెళ్ళికొడుకు తల్లి కనపడలేదు. అమ్మవారు పోసింది, రాకూడదు అన్నారు. అయ్యో అనుకుని భోజనం చేసి వచ్చాను.

ఆ సరోజక్క ఇక్కడ, కువైట్ సముద్రం ఒడ్డున, నన్ను చూసి చూడనట్టు వెళ్ళిపోయింది.

ఎంతసేపు కూర్చున్నానో. సునీత, ప్రసాద్ ఐస్‌క్రీం తేవడానికి వెళ్ళారు. వెనక నుంచి మెల్లగా గొంతు వచ్చింది. "అమ్మణ్ణీ, తిరగొద్దు. ఆ కొళాయిల ఎనక నీడ ఉండాది సూడు. ఆడికి రా."

వెళ్ళాను. ఆమె చేతులు కడుక్కుంటున్నట్టు కొళాయి తిప్పి నిలబడి ఉంది. దగ్గర నుంచి చూస్తే చేతులు సోడాలో నానినట్టు తెల్లగా పగిలి ఉన్నాయి.

"పది నిమిసాలే. పెద్దామెకు మందేసే టైమయితాది. బాగుండావా?"

"అక్కా, నువ్వు ఈడ..."

"ఏం, నేను ఈడుండకూడదా?"

"బెంగళూరులో ఉండావంటిరి కదా."

"అనాల కదా ఏదో ఒగటి." నీళ్ళు ఆపింది. "మీ బావ పొయినంక తమ్ముని ఇంటికి వస్తిని. ఇంటెడు మందికి వండితి, గిన్నెలు తోమితి, మరదలు తలకు నూనె రాస్తి. ఎవురూ నన్ను ఒగ మాట అనలా. అనకుండానే పనిమనిషిని చేసినారు. ఒగ పొద్దు పుత్తూరామె వచ్చి చెప్పింది, ఈ పనికే కువైట్లో జీతమిస్తారని. వయసు తగ్గించి పాస్‌పోర్టు తీసినారు. పదైదేండ్లయింది."

"పదిహేనేండ్లా!"

"మెల్లగా. బాలాజీని సదివించినా. తిరపతిలో వాడికి నిలవ నీడ చేసినా. ఇంగేం గావల?"

"పెండ్లికి కూడా రాకపోతివే అక్కా."

ఆమె కొళాయి వైపు చూసింది. "అప్పుడే పెద్దామె పడి తుంటి ఇరగ్గొట్టుకునింది. పంపియ్యలా. వాడి స్నేహితుడు ఫోను పట్టుకున్నాడు, నేను వంటింట్లో నిలబడి సూసినా. కోడలు ఫోనుకు దండం పెట్టింది. నేను ఈడ నుంచి అక్షింతలు యాడేస్తా? ఊరికే చెయ్యెత్తినా." పళ్ళు లేని నోటితో నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను నేల చూశాను.

"దాచేదెందుకక్కా? కష్టపడి బతికినావు, తప్పేముండాది?"

"నీకు తెల్దు. చెంగల్రాయ సావుకారు కూతురు అరబ్బోళ్ళ ఇంట్లో ఎంగిలి గిన్నెలు తోముతా ఉండాదని నగరిలో చెప్పుకోవల్నా? పిల్లనిచ్చినోళ్ళకు బెంగళూరనే చెప్పుండాము. ఇప్పుడు తెలిస్తే వాడి సంసారమేమి కావల?" నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. గుడ్డ కింద జుట్టు చేతికి తగల్లేదు. పొట్టిగా కత్తిరించేశారు. "నా మింద ఒట్టు అమ్మణ్ణీ. ఎవురికీ చెప్పొద్దు."

"చెప్పనక్కా."

"కతలు రాస్తావంట కదా. ఒగటి ఫోన్లో సదివినా. బాగుండాది. కత కడాకు వచ్చేతలికి తొందరపడతా ఉండావు." ఆ మాట అని, గుడ్డ సర్దుకుని, తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. చాప దగ్గర వాళ్ళ యజమానురాలు ఏదో గట్టిగా అడిగింది. సరోజక్క తల వంచుకుని జవాబు చెప్పింది. కుర్చీలో ముసలమ్మ మాత్రం ఆమె చెయ్యి అందుకుని తన చెంపకు ఆనించుకుంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఆ సాయంత్రం సునీత వాళ్ళు నన్ను చేపల హోటలుకు తీసుకెళ్ళారు. నేను ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. మామూలుగా తినేదానికంటే రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను. "ఈ పొద్దు పెద్దమ్మ బాగా తింటా ఉండాది, ఊరు నచ్చినట్టుండాది" అన్నాడు ప్రసాద్. చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. నాలోపల ఏదో తేలిగ్గా ఉంది. పండగ రోజు పనులన్నీ తీరి స్నానం చేసి కూర్చున్నట్టుంది. అదేమిటో నాకు అర్థమైంది. సరోజక్క తల దించుకుంది, నేను చూశాను. అరవై ఏళ్ళ మనిషిని, పిల్లలకు నీతిపద్యాలు చెప్పినదాన్ని, నాలోపల ఆ వంకాయరంగు పావడా పిల్ల ఇన్నేళ్ళూ కూర్చుని ఉందని నాకు తెలియదు. లేచి చేతులు కడుక్కున్నాను.

ఊరికి తిరిగొచ్చిన రెండో వారం నగరిలో అన్నయ్య ఇంటికి వెళ్ళాను. మా వీధిలో ఇప్పుడు గంజి వాసన లేదు. మరమగ్గాల దడదడకు పక్కమనిషి మాట వినపడాలంటే కేకలేయాలి. వదిన, నేను చింతచిగురు ఏరుతూ కూర్చున్నాం. మాటల్లో వదిన అంది, "ఎవురికి ఎట్లున్నా సరోజమ్మకేమమ్మా. బెంగళూరులో సల్లగా కూసోనుండాది. పుట్టేటప్పుడే రాసిపెట్టుకోని పుట్టినారు ఆ ఇంటోళ్ళు." నోరు జారిందని చాలామంది అంటారు. నాది జారలేదు. ఒక్క క్షణం ఆగాను. ఏం చెప్పబోతున్నానో తెలిసే చెప్పాను. "బెంగళూరు కాదు వదినా, నేను కళ్ళారా చూసినా" అని మొదలుపెట్టి, గౌను, గుడ్డ, ముందు పళ్ళు, రబ్బరు చెప్పులు, ఒక్కటీ వదలకుండా చెప్పాను. వదిన చేతిలో చిగురు అలాగే ఉండిపోయింది. ఆ విస్తుపోయిన మొహం చూడటం నాకు బాగుంది. అంతా అయ్యాక, "ఎవురికీ చెప్పొద్దు" అన్నాను.

పదిరోజులు కాలేదు. మధ్యాహ్నం తిరుపతిలో మా ఇంటి గేటు చప్పుడైంది. బాలాజీ. మొబైల్ ఫోన్లు రిపేరు చేసే కొట్టు పెట్టుకున్నాడు ఆ అబ్బాయి, ముప్పై దాటినవాడు. హెల్మెట్టు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. కొట్లాటకే వచ్చాడనుకున్నాను. "లోపలికి రా నాయనా" అన్నాను. వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగలేదు.

"చిన్నమ్మా, నువ్వు అమ్మను చూసినావంట. నిజమేనా?"

"చూసినాను."

"ఎట్లుండాది?"

నేను ఎదురుచూసిన మాట అది కాదు. అతనే చెప్పుకుపోయాడు. "ప్రతి శుక్రవారం మాట్లాడతాది. రెండేండ్లుగా మొగం మాత్రం చూపించేది లేదు. ఫోనులో కెమెరా చెడిపోయిందంటాది. నేను ఫోన్లు బాగుచేసేవాణ్ణి చిన్నమ్మా, కొత్తది పంపిస్తా అంటే వద్దంటాది. నాకు తెలీదా ఏదో దాస్తా ఉండాదని? నడస్తా ఉండాదా? చిక్కిపోయిందా? నిజం చెప్పు."

వదిన దగ్గర అంత రుచిగా చెప్పిన వివరాలు ఇప్పుడు ఒక్కొక్కటీ నోట్లోంచి రాయిలాగా బయటికొచ్చాయి. ముందు పళ్ళు రెండు లేవని చెప్పాను. జుట్టు కత్తిరించేశారని చెప్పాను. చేతులు పగిలిపోయాయని చెప్పాను. బాలాజీ హెల్మెట్టును ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు. "అమ్మ జుట్టు..." అని ఆగిపోయాడు. నేనే ఉండబట్టలేక, "మీ అత్తగారోళ్ళకు తెలిసిందా?" అని అడిగాను.

"తెలిసింది. నా పెండ్లాము హేమ రెండు రోజులు నాతో మాట్లాడలా. 'మీ అమ్మ అక్కడ పని చేస్తా ఉండాదని కాదు నా కోపం, నేను దండం పెట్టింది వంటింట్లో నిలబడుకున్న మనిషికని నాకు చెప్పకపోతివే, దానికి' అనింది. మూడో రోజు తనే అనింది, పిలిపియ్యి, లేదంటే నేను పుట్టింటికి పోతానని." లేచి నిలబడ్డాడు. "బెంగళూరని చెప్పమనింది అమ్మే చిన్నమ్మా. నేనూ ఊరికే చెప్తా ఉంటిని. అట్ల చెప్పుకుంటా ఉంటే నాకూ తేలిగ్గా ఉండేది." ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను.

సరోజక్క వెంటనే రాలేదు. పెద్దామె ఉన్నంతకాలం కదలనంది. నాలుగు నెలలకు ఆ ముసలమ్మ పోయింది. యజమానురాలు కాగితాలిచ్చి పంపింది. చెన్నైలో దిగిన రోజు బాలాజీ, హేమ వెళ్ళి తీసుకొచ్చారని విన్నాను. నాకు కబురు రాలేదు. రాకపోవడమే న్యాయం అనుకున్నాను. అయినా ఇరవై రోజులు ఆగి, ఉండలేక, రేణిగుంట రోడ్డులో వాళ్ళ ఇంటికి నేనే వెళ్ళాను.

హేమ తలుపు తీసింది. లోపల సరోజక్క నేల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. చీర కట్టుకుంది. జుట్టు మెడ దాకా పెరిగింది, అంతా తెల్లగా. కొత్త పళ్ళు కట్టించారు, వాటితో ఆమె మొహం ఇంకెవరిదోలా ఉంది. నన్ను చూసింది. ఈసారి చూపు జారిపోలేదు. "రా" అంది. కూర్చున్నాను. హేమ ఉప్మా తెచ్చి నా ముందు పెట్టి లోపలికి వెళ్ళింది. ఇద్దరం ఉన్నాం. ఒకప్పుడు ఆమె మాట కోసం చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆమె నోరు తెరుస్తుందేమోనని భయపడుతూ కూర్చున్నాను.

"చెప్పొద్దంటి కదా" అంది వెల్లుల్లి మీద నుంచి చూపు ఎత్తకుండా.

"చెప్పినానక్కా."

"ఎందుకు చెప్పినావు?"

దారిలో బస్సులో జవాబులు చాలా తయారుచేసుకున్నాను. నోరు జారిందని ఒకటి, నీ మంచికే అని ఒకటి, నీ కొడుకు నిన్ను పిలిపించుకున్నాడు కదా అని ఒకటి. ఆమె వేళ్ళు చూస్తే ఒక్కటీ పనికిరాలేదు.

"సంతోషపడి చెప్పినానక్కా" అన్నాను. "నువ్వు అట్ల కనపడితే నాకు లోపల్లోపల సంతోషమయింది. అది ఆపుకోలేక చెప్పినాను."

ఆమె చేతిలో రెబ్బ ఒలిచి గిన్నెలో వేసింది. ఇంకోటి తీసుకుంది.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ పొద్దు కొళాయి కాడ నీ మొగంలోనే సూసినా. నోరు అక్కా అక్కా అంటా ఉండాది, కండ్లు మాత్రం జాతర సూసినట్టుండాయి."

"తెలిసి కూడా నాతో అంతా ఎందుకు చెప్పుకున్నావక్కా?"

సరోజక్క అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"పదైదేండ్లయింది అమ్మణ్ణీ, నన్నెరిగిన మనిషి ఒగరు నా ఎదురుగా నిలబడి. సంతోషపడితే పడనీలే అనుకున్నా."